గాయము మానినను మానని భయము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవములో ఆటలను గూర్చిన ఉపన్యాసమెందుకని కొందరికి సందేహము కలుగవచ్చును. పుస్తకము మనస్సునకు వ్యాయామమనియు, ఆట శరీరమునకు వ్యాయామమనియు వేరుచేసి చెప్పుట పూర్వమునుండి వచ్చుచున్న అలవాటు. కాని ఆటగాని మోకాలికి దెబ్బ తగిలిన నాడు ఈ విభజన నిలువదు. దెబ్బ తగిలినది మోకాలికే అయినను, మంచము పట్టునది మనస్సు కూడ. మోకాలికి కట్టు కట్టువారు ఎందరో కలరు. మనస్సును పలుకరించువారే అరుదు. ఈ ఉపన్యాసము ఆ రెండవ గాయమును గూర్చినది.

సామర్లకోట జంక్షనులో ఆగిన రైలుబండిని చూడనివారు ఈ సభలో ఉండరు. ఇంజను సిద్ధముగా నుండును. పట్టాలు సరిగా నుండును. ప్రయాణికులు కూర్చుండియుందురు. అయినను సిగ్నలు పడనిదే బండి కదలదు. గాయపడి కోలుకొన్న ఆటగాని స్థితియు అట్టిదే. వైద్యుడు ఎముక అతికినదనును, స్నాయువు గట్టిపడినదనును, ఇక ఆడవచ్చుననును. కాని లోపలినుండి సిగ్నలు పడదు. చూచువారు ఆతనిని సోమరి యందురు, పిరికివాడందురు. బండి ఆగియున్నదని ఇంజనును నిందించుట ఎంత తప్పో, ఇదియు అంత తప్పు.

తెలుగువారికి చిరపరిచితమైన ఒక ఉదాహరణముతో ప్రారంభించుట మేలు. నాటి ప్రకాశం జిల్లాలోని నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్, 1994లో పూణే నగరమున జరిగిన జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుచుండగా మోకాలి స్నాయువు తెగి పడిపోయెను. అప్పటి కాతని వయస్సు ఇరువది యేండ్లు. బ్యాడ్మింటను ఆటలో ఎగురుట, దిగుట, ఒక్కసారిగా దిశ మార్చుట, ముందునకు దూకి వెనుకకు మరలుట, ఇవన్నియు మోకాలి మీదనే ఆధారపడియుండును. ఆతడు పలుమారులు శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను. అట్టివాడు 1996 మొదలు 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ సింగిల్స్ విజేతగా నిలిచెను. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండు పోటీల తుది ఆటలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి, 1980లో ప్రకాశ్ పదుకొనె పొందిన గౌరవమును తిరిగి భారతదేశమునకు తెచ్చెను.

ఈ కథను చెప్పునప్పుడు 1994 నుండి ఒక్క దూకులో 2001కి పోవుట వాడుక. పడిపోయెను, లేచెను, గెలిచెను అని మూడు మాటలలో ముగింతురు. ఆ మూడు మాటల నడుమ ఏడు సంవత్సరములు కలవు. వానిలో కాలు చాపుకొని కూర్చున్న దినములు కలవు. తోటివారు పోటీలకు పోవుచుండగా ఇంటిలో మోకాలిని అంగుళమంగుళము వంచుచు గడపిన ఉదయములు కలవు. మొదటిసారి గట్టిగా ఎగిరి దిగుటకు ముందు గుండె జల్లుమనిన క్షణము ప్రతి గాయపడిన ఆటగాని జీవితములోను ఉండును. చప్పట్లు వినబడనిచోట జరిగిన ఆ పనియే అసలైన పని.

గాయపడిన ఆటగాడు పోగొట్టుకొనునది ఏమి? మొదటిది శరీరబలము. అది కంటికి కనబడును. కనబడనివి మూడు కలవు. ఆతని దినచర్య పోవును: వేకువనే లేచి మైదానమునకు పోవువానికి వేకువయే శత్రువగును. ఆతని జట్టు పోవును: నిన్నటివరకు భుజముపై చేయి వేసి నడచినవారు నేడు ఆతడు లేకయే ఆడుచుందురు, గెలుచుచుందురు కూడ. తానెవరను ఎరుక పోవును: ఊరిలో నలుగురును ఆతనిని ఆటగాడుగనే ఎరుగుదురు, తానును తన్నట్లే ఎరుగును. ఆట తీసివేసిన పిమ్మట మిగిలిన మనిషి ఎవడో ఆతనికే తెలియదు. కావుననే చిన్న బెణుకునకును పెద్ద దుఃఖము కలుగుచున్నది.

ఎలిజబెత్ క్యూబ్లర్‌రాస్ అను వైద్యురాలు 1969లో ప్రచురించిన గ్రంథమున, మరణమునకు చేరువైన రోగుల మనస్సులో నిరాకరణము, కోపము, బేరము, నిస్పృహ, అంగీకారము అను ఐదు దశలను వర్ణించెను. తరువాత కొందరు వీనిని గాయపడిన క్రీడాకారులకును అన్వయించిరి. అనుభవములో మాత్రము ఇవి మేడమెట్లవలె ఒకదాని తరువాత నొకటిగా రావు. సోమవారమున ధైర్యముగా ఉన్నవాడు మంగళవారమున కోపగించుకొనును, బుధవారమున ఎవ్వరితోను మాటాడడు, గురువారమున మరల నవ్వును. అందుచేతనే తరువాతి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు దశల కంటె ఆటగాడు తన గాయమునకు ఇచ్చుకొను అర్థమునకే హెచ్చు ప్రాధాన్యమిచ్చిరి. ఒకే విధమైన దెబ్బను ఒకడు "ఆరునెలల ఆలస్యము" అనుకొనును, మరియొకడు "నా బ్రతుకు ముగిసినది" అనుకొనును. దెబ్బ ఒకటే, అర్థములు రెండు. వారి కోలుకొను దారులును రెండగును.

మనస్సులోని బాధకును శరీరము మానుటకును సంబంధమున్నదా? ఉన్నదనుటకు చక్కని పరీక్షలు జరిగినవి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున కొందరు పరిశోధకులు దంతవైద్య విద్యార్థుల అంగిలి మీద చాల చిన్న గాయమును వేసవి సెలవులలో ఒకసారియు, పెద్ద పరీక్షకు మూడు దినములు ముందు మరియొకసారియు చేసి, అది మానుటకు పట్టిన కాలమును లెక్కించిరి. 1998లో ప్రకటించిన ఆ ఫలితము ప్రకారము పరీక్షల రోజులలోని గాయము మానుటకు సుమారు నూటికి నలువది వంతుల కాలము అధికముగా పట్టెను. అదే బృందమువారు అంతకు మునుపు 1995లో, మతిమరపు జబ్బుగల బంధువులకు రేయింబవళ్లు సేవ చేయుచున్న స్త్రీల చర్మముపై గాయము మానుటకు ఇతరుల కంటె తొమ్మిది దినములు హెచ్చుగా పట్టినదని చూపిరి. పరీక్షింపబడినవారు కొలదిమందియే అయినను, అందలి భావము స్పష్టము. చింత కేవలము తలలో ఉండు వస్తువు కాదు. అది నెత్తురులో కలసి తిరుగును.

భయమునకును శరీరములో మూలము కలదు. మోకాలి లోపల ఏ.సి.ఎల్. అని వైద్యులు పిలుచు స్నాయుబంధము ఒకటి ఉన్నది. తొడ యెముక క్రింద పిక్కయెముక ముందునకు జారకుండ అది పట్టియుంచును. అంతే కాదు, కాలు ఏ కోణమున వంగినదో, ఎంత బరువు పడినదో మెదడునకు కబురుపంపు నరముల కొనలు దానిలో కలవు. అది తెగినప్పుడు త్రాడు మాత్రమే తెగదు, తంతి కూడ తెగును. శస్త్రచికిత్స వలన త్రాడు మరల కట్టబడును గాని తంతి మునుపటివలె కలియుటకు చాల అభ్యాసము కావలెను. కనుక "నా కాలు నాది కానట్లున్నది" అని ఆటగాడు చెప్పిన మాట సాకు కాదు. అది యథార్థమైన వార్త. దానిని వినవలెను.

ఇట్లు కోలుకొన్నవారిలో ఎందరు తిరిగి ఆటకు వచ్చుచున్నారు? ఈ స్నాయువునకు శస్త్రచికిత్స పొందిన ఏడువేల ఐదువందలమందికి పైగా వివరములను 69 పరిశోధనలనుండి కూర్చి ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో ఒక లెక్క ప్రకటించిరి. నూటికి 81 మంది ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చిరి. గాయమునకు ముందున్న స్థాయికి చేరినవారు 65 మంది. పోటీలలో తిరిగి ఆడినవారు 55 మంది మాత్రమే. మిగిలినవారందరు భయముచేతనే మానిరని చెప్పరాదు. ఉద్యోగములు, సంసారములు, నొప్పి, ఇట్టి కారణములును కలవు. కాని మోకాలు పరీక్షలలో చక్కగా నిలిచియు ఆటకు రానివారిలో, మరల దెబ్బ తగులునేమోనను భయము ముఖ్యకారణములలో ఒకటిగా మరల మరల కనబడినది. అందుచేత 2008లోనే వైద్యులు పండ్రెండు ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసిరి. నీ మోకాలి మీద నీకు నమ్మకమున్నదా, ఆడునప్పుడు దానినే తలచుకొనుచున్నావా, మరల శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చునని భయపడుచున్నావా, ఇత్యాదిగా ఆ ప్రశ్నలుండును. కొలబద్దతో మోకాలి వంపును కొలిచినట్లే మనస్సు సిద్ధపడినదా లేదా అనుటయు కొలిచి చూడవలసినదేయని వారి తాత్పర్యము.

భయమున కెదురుగా మరియొక ప్రమాదమున్నది. అది తొందర. దీనిని పెంచునది తరచుగా ప్రేక్షకుల ప్రశంసయే. 2010 అక్టోబరులో మొహాలీలో హైదరాబాదు ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ నడుము పట్టివేసినను 73 పరుగులతో అజేయముగా నిలిచి, ఆస్ట్రేలియాపై ఒక్క వికెట్టు తేడాతో భారతదేశమును గెలిపించెను. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో పి.వి. సింధు ఎడమ చీలమండలో నొప్పితోనే ఆడి స్వర్ణపతకము గెలిచెను. ఈ సాహసములను దేశమంతయు కొనియాడినది, అది తగినదే. కాని కథలోని రెండవ భాగమును ఎందరు జ్ఞాపకముంచుకొనిరి? సింధు చీలమండ ఎముకలో సన్నని పగులు ఉన్నదని తేలినది. ఆమె ఆ యేటి ప్రపంచ పోటీలను వదలుకొని సుమారు ఐదు నెలలు ఆటకు దూరమయ్యెను. 2023 జనవరిలో తిరిగి దిగిన మొదటి ఆటలోనే కరోలినా మారిన్ చేతిలో ఓడెను. మరియొక పోటీ గెలుచుటకు 2024 డిసెంబరు వరకు, అనగా దాదాపు 28 నెలలు పట్టెను. రెండు ఒలింపిక్ పతకములు గల ఆటగత్తెకే ఇంత కాలము పట్టినప్పుడు, పల్లెటూరి బాలునకు ఆరు వారములలో మునుపటి ఆట రాలేదని విసుగుకొనుట ఏపాటి న్యాయము?

శరీరము తన గడియారమును తాను నడుపుకొనును. నార్వే దేశమున జరిగి 2016లో ప్రకటింపబడిన పరిశీలనలో, స్నాయువు శస్త్రచికిత్స పిమ్మట తొమ్మిది నెలలవరకు ఆటకు మరలుటను ఆలస్యము చేసినకొలది, నెలనెలకు మరల గాయపడు ప్రమాదము సుమారు సగమునకు తగ్గుచు వచ్చినదని తేలెను. వేచియుండుట పిరికితనము కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

సైనా నెహ్వాల్ హర్యానాలో పుట్టి హైదరాబాదులో పెరిగిన ఆటగత్తె. 2016 రియో ఒలింపిక్ క్రీడలలో మోకాలి బాధతో ఓడి, ఆ ఆగస్టులోనే శస్త్రచికిత్స చేయించుకొనెను. ఇక తన ఆట ముగిసినదేమోనను శంక తనకు కలిగినట్లు ఆమెయే చెప్పినది. శంక కలుగుట ఆమెను ఆపలేదు. 2017 జనవరిలో మలేషియాలో పోటీ గెలిచి, అదే యేట ప్రపంచ పోటీలలో కాంస్యము, 2018 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణము పొందెను. ధైర్యవంతులకు భయముండదను లోకపు మాట తప్పు. భయమును దాచక చెప్పుకొని, దానిని వెంటబెట్టుకొనియే అడుగు వేయువారు ధైర్యవంతులు.

ఈ అడుగు వేయుటకు ఉపాయములున్నవా? ఉన్నవి, అవి ఖరీదైనవియు కావు. మొదటిది, చిన్న లక్ష్యములు. "రాబోవు పోటీలో ఆడవలెను" అనునది దూరపు కొండ. "ఈ వారములో మోకాలు మరి కొంచెము వంగవలెను" అనునది చేతికందు కొమ్మ. రెండవది, మనోదర్శనము. కన్నులు మూసికొని తాను పరుగెత్తి, ఎగిరి, సుఖముగా దిగినట్లు నిత్యము భావించుట. మూడవది, తనతో తాను మాటాడుకొను మాటను మార్చుకొనుట. "మరల తెగును" అను మాటకు బదులు "నిన్న పది మెట్లెక్కితిని, నేడు పదునైదు" అను మాట. 1991లో కెనడా పరిశోధకులు మోకాలు, చీలమండ గాయములనుండి త్వరగా కోలుకొన్నవారిలో ఈ మూడు అలవాట్లును హెచ్చుగా ఉన్నట్లు గుర్తించిరి. నాలుగవది, భయపడిన పనిని ముక్కలుచేసి దగ్గర చేసికొనుట: మొదట నడక, పిమ్మట మెల్లని పరుగు, పిమ్మట ఒంటికాలిపై నిలుచుట, చిన్న దూకు, పెద్ద దూకు, ఎదురాటగాడు లేని అభ్యాసము, ఎదురాటగానితో అభ్యాసము, తుదకు పోటీ. ఒక మెట్టుపై భయము అణగనిదే రెండవ మెట్టెక్కరాదు. ఇవన్నియు వైద్యుని సలహాకు తోడుగనే గాని బదులుగా కావు.

రామాయణమున సముద్రతీరమందు కూర్చున్న ఆంజనేయుడు తన బలమును తాను మరచియుండెను. జాంబవంతుడు గుర్తుచేసిన పిమ్మటనే లేచెను. గాయపడిన ప్రతి ఆటగానికిని ఒక జాంబవంతుడు కావలెను. కాని ఇందులో ఒక సూక్ష్మమున్నది. జాంబవంతుడు లేని బలమును ఉన్నదని పొగడలేదు. ఉన్న బలమునే, పూర్వము జరిగిన దానినే చెప్పెను. "నీకేమి కాలేదు, లేచి ఆడు" అను శిక్షకుడు జాంబవంతుడు కాడు. "నెల క్రితము ఇంత చేసితివి, నేడు ఇంత చేసితివి, ఇదిగో లెక్క" అని చూపువాడు జాంబవంతుడు.

గోదావరి సీమకే చెందిన అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టితో కూడి డబుల్స్ ఆటలో 2022 కామన్వెల్త్ స్వర్ణమును, 2023 ఆసియా క్రీడల స్వర్ణమును సాధించినవాడు. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో క్వార్టర్ ఫైనలులో ఓడిన పిమ్మట భుజపు గాయముచే కొన్ని నెలలు ఆటకు దూరమయ్యెను. ఓటమియు గాయమును ఒక్కసారే వచ్చుట యువకునకు ఎంత బరువో ఊహింపవచ్చును. ఆ నవంబరులో చైనాలో తిరిగి దిగి సెమీఫైనలు వరకు పోయెను. 2025లో ప్రపంచ పోటీలలో ఆ జంట కాంస్యపతకము గెలిచినది. డబుల్స్ ఆటలో ఒక మేలు కలదు. గాయపడినవాని కొరకు వేచియుండు జతగాడు ఒకడుండును. ఆతడు వేచియుండుటయే సగము మందు.

ఇక ఈ ఊరి సంగతి. ఇచ్చటి చెడుగుడు ఆటగానికి విదేశీ వైద్యుడు లేడు, మనస్తత్త్వ నిపుణుడు లేడు. కూతకు పోయి చీలమండ పట్టుబడి మోకాలు మెలిపడిన బాలుడు కట్టు కట్టించుకొని ఇంట కూర్చుండును. ఇంటివారు ప్రేమతోనే "ఆట ఆడి ఎవరిని ఉద్ధరించితివి?" అందురు. మిత్రులు మొదటి వారము వత్తురు, రెండవ వారము రారు. మూడవ నెలలో కాలు బాగయినను బాలుడు మైదానపు దారి విడిచి కాలువగట్టు దారిని పోవును. ఆతడు ఆట మానినాడని ఎవ్వరును ప్రకటింపరు, గమనింపను గమనింపరు. ఆడపిల్ల అయినచో కథ ఇంకను త్వరగా ముగియును. ఒక్క బెణుకు చాలును, ఆమె ఆటను శాశ్వతముగా మాన్పించుటకు ఇంటివారికి కారణము దొరకును. పోటీలలో ఓడినవారి పేర్లయినను కాగితములపై ఉండును. ఇట్లు మౌనముగా జారిపోయినవారికి ఆ లెక్కయు లేదు.

వీరిని నిలుపుటకు చేయదగిన పనులు చిన్నవి. జట్టు ఆడునపుడు గాయపడినవానిని ఇంట విడువక మైదానమునకు తీసికొని వచ్చి అంకెలు వ్రాయుటకో, చిన్నవారికి మెలకువలు చెప్పుటకో నియోగింపవలెను. వారమున కొకరు చొప్పున మిత్రులు పోయి పలుకరించు వంతు పెట్టుకొనవలెను. తల్లిదండ్రులు "ఎప్పుడు తగ్గును?" అను ప్రశ్నకు బదులు "ఈ దినము ఎట్లున్నది?" అని అడుగవలెను. అంతకు ముందే గాయపడి తిరిగి వచ్చిన ఆటగాడెవరైన ఊరిలో నున్నచో ఆతనిని ప్రక్కన కూర్చుండబెట్టవలెను. ఆతని ఒక్క మాట పదిమంది హితబోధకు సమానము. నిద్ర పట్టక, అన్నము సహింపక, ఎవరితోను మాటాడక వారములు గడచుచున్నచో అది అలుక కాదని గ్రహించి వైద్యుని యొద్దకు తీసికొని పోవలెను. కాలు విరిగినపుడు ఆసుపత్రికి పోవుటలో లేని సిగ్గు మనస్సు విరిగినపుడు ఏల?

అందరును తిరిగి రారు. అదియు నిజము, దానిని దాచరాదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 240 కిలోలు ఎత్తి కాంస్యము పొంది, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. 2004 ఏథెన్సులో నడుము గాయము ఆమెను ఆపివేసినది. ఆ పిమ్మట ఆమె పోటీలనుండి విరమించెను. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నియమితురాలయ్యెను. బరువు ఎత్తుట ముగిసినది గాని బరువు ఎత్తిన మనిషి ముగియలేదు. గోపీచంద్ కూడ ఆట మానిన పిమ్మటనే సైనా, సింధు మొదలగువారికి గురువై 2009లో ద్రోణాచార్య పురస్కారము పొందెను. గాయము నేర్పిన పాఠము ఆయన శిక్షణలో కలిసియుండక పోదు. కోలుకొనుట యనగా ఎల్లప్పుడు మైదానమునకు మరలుటయే కాదు. తాను ఆటగాడు మాత్రమే కాదని తెలిసికొనుటయు కోలుకొనుటయే.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. ఇరువదియైదేండ్లుగా తలుపు తెరచియుంచిన ఈ మందిరము కాలు చాపుకొని కూర్చున్నవానికి అందరికంటె ముందు స్వాగతము చెప్పవలసిన చోటు. బెంచీకి ఎదురుగా కాలు పెట్టుకొనుటకు ఒక పీట వేయుడు. శరీరమును గూర్చియు, ఆటలను గూర్చియు, పడి లేచినవారి జీవితములను గూర్చియు నాలుగు పుస్తకములు ఒక అరలో చేర్చి ఉంచుడు. నడువలేనివాని ఇంటికి పుస్తకమును పంపుడు. పుస్తకము తీసికొనిపోయిన బాలుడు రెండు మాటలాడి రాకపోడు. దినదినము తాను చేసిన వ్యాయామమును వ్రాసికొనుటకు ఆతనికొక నోటుపుస్తకము ఇండు. ఆరునెలల పిమ్మట ఆ పుస్తకమును వెనుకకు త్రిప్పి చూచినపుడు, తాను ఎంత దూరము వచ్చినదియు ఆతనికే తెలియును. జాంబవంతుడు చేసిన పనిని ఆ నోటుపుస్తకము చేయును.

జంక్షనులో ఆగిన బండి ఎల్లకాలము ఆగియుండదు. సిగ్నలు పడువరకు ప్లాట్‌ఫారముపై తోడుండువారు కావలెను. మోకాలికి పట్టుదల నేర్పగలిగినది ఆటగాడొక్కడే. ఆతనిని ఒంటరిగా విడువకుండుట మాత్రము ఊరివారి చేతిలో ఉన్నది. రానున్న ఇరువదియైదేండ్లలో ఈ ఊరి మైదానమునుండి మౌనముగా జారిపోవు బాలబాలికలు తగ్గినచో, ఈ రజతోత్సవమున ఈ విషయమును ప్రస్తావించినందుకు ఫలితము దక్కినట్లే.